ఒక్క ఊపిరికి నాలుగు

మౌనిక నన్ను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. తన గుర్రం నలభై కిలోమీటర్ల స్వారీకి పనికొస్తుందా, పనికిరాదా. అవుననో కాదనో చెప్పేస్తే అయిపోయేది. ముప్ఫై ఏళ్లు బడిలో "సోది వద్దు, సూటిగా జవాబు చెప్పు" అని పిల్లల చెవులు మెలిపెట్టినదాన్ని, ఆ ప్రశ్నకు మాత్రం మూడు ఆదివారాలు నీళ్లు నమిలాను. మోకాళ్ల నొప్పులన్నాను, కళ్లజోడు మర్చిపోయానన్నాను, ఇంకోసారి చూసి చెప్తానన్నాను. జవాబు తెలియక కాదు, మొదటి రోజే తెలిసింది. చెబితే ఆ పిల్ల మా ఇంటికి రావడం మానేస్తుందేమోనని భయం. మా ఆయన పోయి ఆరేళ్లయింది. పిల్లలు లేరు. గోదావరిఖనిలో నా ఇంటి గేటు తీసేది పాలవాడూ, కరెంటు బిల్లు మనిషీ, ఆదివారాలు మౌనికా, అంతే. అరవై ఎనిమిదేళ్ల మనిషి ఇలా చెప్పుకోవడం సిగ్గుగానే ఉంటుంది, కానీ ఉన్నమాట అది.

మౌనికది బసంత్‌నగర్. సిమెంటు లారీలు తిరిగే రోడ్డు దిగి లోపలికి పోతే, వాళ్ల మామకున్న రెండెకరాల్లో రేకుల షెడ్డు వేసి మూడు గుర్రాలు పెట్టింది. ఇంజనీర్ల పిల్లలకు స్వారీ నేర్పుతుంది, పెళ్లిళ్ల కాలంలో బరాత్‌లకు పంపుతుంది. ఎవరో ముసలి ఆటోడ్రైవర్ ఆమెకు మా సంగతి చెప్పాడట. ఒక ఆదివారం పొద్దున గేటు దగ్గర నిలబడి, "టీచరమ్మా, జట్కా నర్సయ్య మనుమరాలు మీరేనట గదా? మీ తాత గుర్రం గుండె మీద చెయ్యి పెట్టి ఎంత దూరం పోతదో చెప్తుండెనట. మీకు గుడ వచ్చునా?" అని అడిగింది. మా తాత పేరు ఇంకొకరి నోట విని ఎన్నేళ్లయిందో. లోపలికి రమ్మన్నాను, చాయ్ పెట్టాను. మధ్యాహ్నం దాకా కూర్చుంది. తర్వాతి వారం డబ్బాలో సర్వపిండి పెట్టుకుని మళ్ళీ వచ్చింది. సర్వపిండిలో ఉప్పు ఎక్కువైందని నేనంటే, "గట్లయితే తినకుండ్రి, నేనే తింట" అని డబ్బా లాక్కుంది. నా మీద ఎవరైనా అలా విసుక్కుని కూడా చాలా కాలమైంది.

ఆ గుర్రం పేరు బాద్షా. నన్ను స్కూటీ మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయి చూపించింది. నల్లటి గుర్రం, ఛాతీ తలుపంత వెడల్పు, తొడలు రెండు బస్తాలు కట్టినట్టు. విదేశాల్లో పొట్టి పరుగుల కోసం పెంచే రకం రక్తం అందులో కలిసి ఉందట. కదిలితే చర్మం కింద కండలు ఒకదాని వెనక ఒకటి పొర్లుతుంటే కళ్లు తిప్పుకోలేం. పిల్లలు జూలు పట్టుకుని గుంజినా చెవి కూడా కదపదు, అంత నెమ్మది. ఎండలు ముదరకముందే హైదరాబాద్ అవతల దూరపు స్వారీ పోటీ ఉందని, దానికి బాద్షాను తీసుకుపోతానని మౌనిక ఊరంతా చెప్పుకుంది. గుర్రం పొట్టకు ఒక పట్టీ కట్టి, గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటుందో ఫోన్‌లో చూపించింది. ఇరవై కిలోమీటర్లు తిప్పుకొచ్చాక ఐస్ కలిపిన నీళ్లు పోసి పోసి, అరగంటకు ఆ అంకెను పోటీవాళ్లు పెట్టిన గీత కిందికి దింపి, "సూసిండ్రా, దిగింది" అని నా మొహంలోకి చూసింది. నేను ముంగాలి వెనక చెయ్యి పెట్టాను. దిగలేదని కాదు. కానీ ఎంత కష్టపడి దిగిందో నా అరచేతికి తెలిసింది. "మంచిగున్నది, ఇంకోసారి చూద్దాం" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడే నాకు నా పద్నాలుగేళ్ల గొంతు వినబడింది.

నా చిన్నప్పుడు మేం ఉన్నది బొగ్గు కంపెనీ క్వార్టర్‌లో, రెండు గదులు, వెనక చిన్న పెరడు. పొద్దున్నే క్వార్టర్ల లైన్‌లో అందరూ బొగ్గు పొయ్యిలు బయట పెట్టి రాజేసేవాళ్లు. ఆ పొగ మొత్తం మంచంలో ఉన్నవాళ్ల ముక్కుల్లోకి వచ్చేది, అదే మాకు నిద్ర లేపే కోడి. మిగతా ఇళ్లలో పొయ్యి మీద మొదట చాయ్ ఎక్కితే మా ఇంట్లో ఉలవల కుండ ఎక్కేది. ఉడికే ఉలవల వాసన అంటే ఇప్పటికీ నాకు ఇల్లు. ఉలవలు గుర్రానికి, వడకట్టిన నీళ్లతో మాకు చారు. అమ్మ నాకు నాలుగేళ్లప్పుడే పోయింది. మొహం గుర్తు లేదు, ఆమె చీర ఒకటి గుర్రం మీద కప్పే బొంతలో కలిసిపోయి ఉండేది, అంత వరకే. ఇంట్లో తాత, బాపు, నేను. పెరట్లో సుక్కి.

సుక్కి మా ఆడ గుర్రం. నుదుటి మీద తెల్ల చుక్క. మిగతాదంతా ఎండిన చెరకు పిప్పి రంగు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. లైన్‌లో ఆడవాళ్లు "నర్సయ్య మామా, పాపం దానికి ఇంత తిండి పెట్టరాదె" అని ఎగతాళి చేసేవాళ్లు. తాత నవ్వి ఊరుకునేవాడు. ఒకప్పుడు రామగుండం స్టేషన్ నుంచి ఊళ్లకు జట్కా నడిపినవాడు. బస్సులు వచ్చి జట్కా మూలపడ్డాక, సుక్కిని పెళ్లిళ్లకు తిప్పేవాళ్లు. పొద్దున మంచిర్యాలలో ఒక బరాత్, సాయంత్రం కమాన్‌పూర్‌లో ఇంకోటి. నడుమ గోదావరి బ్రిడ్జి, మండుటెండ. సుక్కి పోయేది, వచ్చేది, ఇంటికి వచ్చి ఇంకా పోదామా అన్నట్టు మెడ చాపేది. ఆ సన్నటి ఒంట్లో ఏముందో నాకప్పుడు తెలియదు.

తెలిసేలా చేసింది తాతే. బాపు నేర్చుకోవాల్సిన విద్య అది. కానీ బాపు బొగ్గు బాయిలో ఫిల్లర్, అంటే పార పట్టి టబ్బుల్లోకి బొగ్గు నింపేవాడు. ఆ పారతో ఆయన అరచేతులు ఎంత కాయలు కాశాయంటే, పొయ్యిలోంచి నిప్పు తీసి చేతిలో పెట్టుకుని బీడీ ముట్టించుకునేవాడు. అలాంటి చేతికి గుర్రం గుండె ఏం తెలుస్తుంది? తాత ఎన్నోసార్లు ప్రయత్నించి, "నీ చేతికి చెవులు లేవురా మల్లయ్యా" అని వదిలేసి నా చెయ్యి పట్టుకున్నాడు. ఎడమ ముంగాలు పైన, మోచెయ్యి లాంటి మడత వెనక, వేళ్లు కాదు అరచెయ్యి మొత్తం ఆనించాలి. గడియారం అక్కర్లేదు. మనం నిమ్మళంగా ఒక ఊపిరి తీసి వదిలేలోపు గుర్రం గుండె ఎన్నిసార్లు తన్నిందో లెక్కపెట్టాలి. తీరిగ్గా నిలబడ్డ గుర్రానికి రెండు, మహా అయితే మూడు. పరుగు నుంచి వస్తే ఆరు, ఏడు. నీళ్లు తాపి, నీడకు కట్టి, తాత రెండు బీడీలు కాల్చేలోపు అది నాలుగుకు దిగాలి. నాలుగైతే బయలుదేరొచ్చు, దిగకపోతే ఆ రోజుకు తొవ్వ అక్కడితో ఆఖరు. పెళ్లివాళ్లు మొత్తుకోనీ, పెళ్లికొడుకు నడిచిపోనీ. సుక్కికి ఒక బీడీ కూడా అవసరం పడేది కాదు.

నాకు ఆ విద్య ఇష్టమని కాదు, ఆ విద్య ఉన్నంతసేపు నా పక్కన మనుషులు ఉండేవాళ్లని ఇష్టం. బాపుది ఒక వారం పొద్దుటి షిఫ్టు, ఒక వారం రెండో షిఫ్టు, ఒక వారం రాత్రిది. ఇంట్లో ఉన్నప్పుడు నిద్రపోతూ ఉండేవాడు, లేచి ఉన్నప్పుడు ఇంట్లో ఉండేవాడు కాదు. బాయి నుంచి వచ్చి బొగ్గు మొహంతో అరుగు మీద కూర్చుని ఇంత బెల్లం నోట్లో వేసుకుని, "తిన్నవా బిడ్డా" అనేవాడు. ఊఁ అనేదాన్ని. ఆ రోజుకు మా సంభాషణ అంతే. వారానికి ఒక్క రోజు ప్లే డే, బాయి సెలవు. ఆ రోజు పెళ్లి పడితే గుర్రం మీద నేను, పక్కన సైకిల్ మీద బాపు, సైకిల్ వెనక జరీ గుడ్డల మూట. తొవ్వ పొడుగునా బాపు మాట్లాడేవాడు. బాయి లోపల పందికొక్కులు డబ్బా మూత ఎలా తీస్తాయో, ఎవడు లాంపు మర్చిపోయి చీకట్లో ఎవడి భుజం పట్టుకుని నడిచాడో. ఆడపిల్లను గుర్రం ఎక్కించాడని లైన్‌లో నోళ్లు నొక్కుకున్నా పట్టించుకునేవాడు కాదు. నా చిన్నతనంలో నాకు నాన్న ఉన్నది ఆ రోడ్ల మీదే.

సుక్కి ముసలిదై ఒక వానాకాలం చనిపోయింది. ఆ చలికాలంలోనే మంచిర్యాలలో ఒక సర్కస్ గుడారం ఎత్తేస్తూ కొన్ని జంతువులను అమ్మేసింది. బాపు అక్కడి నుంచి ఒక తెల్ల గుర్రాన్ని తోలుకొచ్చాడు. లైన్ మొత్తం బయటికి వచ్చింది. అంత లావు గుర్రాన్ని మేమెవ్వరం చూడలేదు. వీపు మంచంలా బల్లపరుపుగా ఉంది. దాని మీద అమ్మాయిలు నిలబడి గంతులేసేవాళ్లట. అప్పటికప్పుడు ఎవరో పహిల్వాన్ అని పేరు పెట్టేశారు. నిన్నటిదాకా సుక్కిని చూసి నవ్విన ఆడవాళ్లే బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. నేను కూడా మురిసిపోయానని ఒప్పుకోవాలి. సుక్కి కోసం ఏడ్చిన కళ్లు ఇంకా ఆరలేదు, అయినా మురిసిపోయాను.

తాత మాత్రం మంచం దిగలేదు. అప్పటికే దగ్గుతో నీరసించి ఉన్నాడు. గుర్రాన్ని పెరట్లో ఒక చుట్టు తిప్పమన్నాడు, చూశాడు, మొహం అటు తిప్పుకున్నాడు.

"దీన్ని ఎందుకు తెచ్చినవురా?"

"ఏందే గట్లంటవు? గింత కండ ఎక్కడన్న సూసినవా?" అన్నాడు బాపు. "మా బాయిల గిట్లాంటోడు ఒక్కడుంటే ఇద్దరి పని చేస్తడు. నన్ను పనిల పెట్టుకునేటప్పుడు ఛాతి కొలిచి, బరువు ఎత్తిచ్చి సూసిండ్రు. బక్కోళ్లను ఇంటికి తోలిండ్రు. ఊకెనే తోలిండ్రా?"

"నీ షిఫ్టు ఎనిమిది గంటలు. నడుమ కూసుంటవు, బీడీ తాగుతవు. తొవ్వకు షిఫ్టు లేదు కొడుకా. కండ బరువు మొయ్యనీకి, ఒక్క దెబ్బల ఉరకనీకి. దూరం పోనీకి కాదు. గింత కండ కదిలితే లోపల పొయ్యి అంటుకుంటది. ఆ ఏడి బయటికి పోవాలంటే తోలు పల్చగుండాలె, ముక్కులు పెద్దగుండాలె. దీనికి ఏదున్నది? గుండ్రంగ తిరిగినదానికి తొవ్వ సంగతి ఏం ఎరుక?"

బాపు నవ్వేశాడు. అది బాపు ఒక్కడి తప్పు కాదు. మా దగ్గర మనిషిని చూసే పద్ధతే అది. ఎవడి భుజం మందంగా ఉంటే వాడికి పని, వాడికి పిల్లనిస్తారు, వాడి ఇంట్లో అన్నం. కండ కనబడితే చాలు, వేరే ఏమీ అడగని ఊరు మాది. గుర్రాన్ని కూడా అలాగే చూశాం. తాత ఆ తర్వాత రెండు నెలలు బతికాడు. చివర్లో నా అరచెయ్యి తన ఛాతీ మీద పెట్టుకుని, "లెక్కవెట్టు" అనేవాడు, ఆటకే. నేను లెక్కపెట్టి, ఎంతున్నా సరే "నాలుగే తాతా" అనేదాన్ని. ఆయన సంతోషపడేవాడు. నా మొదటి అబద్ధాలు అవి.

పహిల్వాన్‌కు గిరాకీ బాగా వచ్చింది. ఖనిలో, అంటే మా గోదావరిఖనిలోనే, దగ్గర దగ్గర పెళ్లిళ్లు, ఈ లైన్ నుంచి ఆ పెళ్లి పందిరి దాకా. బాజాలు మోగితే దానంతట అదే ముంగాళ్లు ఎత్తి అడుగులేసేది, సర్కస్‌లో నేర్చినది. చూసినవాళ్లు ఈలలు వేసేవాళ్లు. దూరాలకు తీసుకుపోవద్దన్న తాత మాట బాపు అప్పటిదాకా పాటించాడు. కానీ వేసవిలో ఒకే రోజు రెండు పెళ్లిళ్లు కుదిరాయి, సుక్కి కాలంలో లాగే. పొద్దున మంచిర్యాల, సాయంత్రం కమాన్‌పూర్. "పోదామా బిడ్డా?" అన్నాడు బాపు. తాత పోయాక ఇంట్లో నేనొక్కదాన్నే. బడి నుంచి వస్తే తాళం, తాళం తీస్తే చీకటి గది, ఒక్కదాన్నే వండుకోవడం, ఒక్కదాన్నే తినడం. రాత్రి షిఫ్టు వారంలో పక్కింటి అవ్వ వచ్చి గురకపెట్టి పడుకునేది, ఆ గురకే తోడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బాపుతో రోడ్డు మీద అంటే నాకు పండగ. పోదాం అన్నాను.

పోయేటప్పుడు బాగానే పోయాం. తెల్లవారుజామున చల్లగా ఉంది. మంచిర్యాలలో పహిల్వాన్ ఎగిరి ఎగిరి అడుగులేసింది, పెళ్లికూతురి తరఫు వాళ్లు కూడా దండలు వేశారు. ఎండలో ఆ గంతులకు అప్పటికే దాని మెడ తడిసిపోయింది. భోజనాలయ్యాక తిరుగు ప్రయాణం. బ్రిడ్జి మీద ఎండ పైనుంచీ కిందనుంచీ కొట్టింది. గోదావరిలో నీళ్లు పక్కకు పోయి ఇసుక తెల్లగా మెరుస్తోంది. బ్రిడ్జి దాటి ఒక చింతచెట్టు కింద ఆగాం. అక్కడొక చాయ్ బండి, బండాయన బాపుకు తెలిసినవాడే. రెండు బకెట్ల నీళ్లు పెట్టాం. పహిల్వాన్ తాగింది, కానీ తల ఎత్తలేదు. డొక్కలు ఎగిసి పడుతున్నాయి. బాపు మొదటి బీడీ ముట్టించాడు. నేను చెయ్యి పెట్టాను. ఏడు. రెండో బీడీ అయిపోవచ్చింది. మళ్ళీ పెట్టాను. ఆరు.

"సల్లవడ్డదా బిడ్డా?" అన్నాడు బాపు.

నేను చెయ్యి తియ్యలేదు. ఆయనే అన్నాడు, "కాకుంటే గుర్రాన్ని ఈడ్నే కట్టేద్దాం. నిన్ను ఖని బస్సు ఎక్కిస్త. కమాన్‌పూర్ పెండ్లోళ్లకు కబురు వెడ్త. ఏం ఫికర్ లేదు." ఆయన నిజంగానే అలా చేసేవాడు. గర్వం ఉన్న మనిషే కానీ మొండివాడు కాదు. నా చేతి మాటను తాత మాటలాగే నమ్మేవాడు. కానీ నాకు వినబడింది ఒకటే, ఖని బస్సు. పొద్దు వాలకముందే ఇల్లు, తాళం, చీకటి గది. బాపు గుర్రంతో ఎప్పుడో వస్తాడు, వచ్చి పడుకుంటాడు, పొద్దున్నే డ్యూటీ. మళ్ళీ ఎన్నాళ్లకో ఇలాంటి రోజు. నా అరచేతి కింద ఆ గుండె తలుపు బాదినట్టు బాదుతూనే ఉంది.

"నాలుగే బాపూ," అన్నాను.

ఆయన లేచి బట్టలు దులుపుకున్నాడు. "అరె, మీ తాత దీన్ని ఊకెనే తిట్టిండు," అని నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కనబడుతుంది.

ఖని దాటాక కొంతదూరం బాగానే నడిచింది. నేను దాని మీద కూర్చుని బాపు కబుర్లు వింటున్నాను, వింటున్నట్టు నటిస్తున్నాను. నా కాళ్ల కింద దాని ఒళ్లు కాలుతోంది. కమాన్‌పూర్ ఇంకా రెండు మైళ్లుందనగా దాని మెడ మీద చెమట ఆరిపోయింది. ఎండ తగ్గి ఆరిందనుకున్నాను కానీ, ఆరకూడని సమయంలో ఆరింది. అడుగులు తడబడ్డాయి. దిగాను. నాలుగు కాళ్లూ వెడల్పుగా పెట్టి నిలబడింది, తర్వాత ముంగాళ్లు మడిచి, పందిరి ఒరిగినట్టు ఒక పక్కకు ఒరిగిపోయింది. పక్క పొలంలో వాళ్లు కుండలతో నీళ్లు తెచ్చారు. బాపు గోనెసంచులు తడిపి దాని డొక్కల మీద వేస్తూ, తీస్తూ, మళ్ళీ వేస్తూ, "లే కొడుకా, లే నా తండ్రీ" అంటున్నాడు. పెళ్లివాళ్లు పశువుల డాక్టర్‌ను బండి మీద తెచ్చారు. ఆయన వచ్చేసరికి ఆయనతో పని లేకుండా పోయింది. అవతల ఊళ్లో బాజాలు మొదలయ్యాయి. ఆ చప్పుడుకు పహిల్వాన్ చెవి ఒక్కసారి కదిలిందని నాకు అనిపించింది. డాక్టరేమో అప్పటికే ప్రాణం లేదన్నాడు.

బాపు రోడ్డు మీద కూర్చుని ఏడ్చాడు. అంతకుముందు అమ్మకు ఏడ్చాడో లేదో నాకు తెలియదు, తాతకు ఏడవలేదు. "నాదే తప్పు. మీ తాత చిలక్కు చెప్పినట్టు చెప్పిండు. నేనే ఇనలే. కండ జూసి మోసపోయిన," అని నా తల నిమిరాడు. నన్ను ఓదార్చాడు! అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. తలమీద ఉన్న ఆ చెయ్యి తీసేస్తాడేమోనని మూసుకున్నాను.

ఆ తర్వాత మా ఇంట్లో గుర్రం లేదు. ఉలవలు లేవు, చారు లేదు. బాపు ప్లే డే రోజు కూడా అదనపు డ్యూటీ అడిగి బాయికి పోవడం మొదలుపెట్టాడు. ఒక్క పూట ఎక్కువ ఆయన పక్కన ఉండాలని నేను అబద్ధం ఆడాను. దానితో ఉన్న పూటలన్నీ పోయాయి. ఎవరు గుర్రం సంగతి ఎత్తినా "నా గర్వమే సంపింది దాన్ని" అనేవాడు. ఆ మాట విన్న ప్రతిసారీ నేను లేచి లోపలికి పోయేదాన్ని. చదువుకున్నాను, ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది. ఎన్నో రాశాను, ఎవరెవరి తప్పులో కథలుగా రాసి మెప్పు పొందాను. ఇది రాయలేదు. మా ఆయనకు కూడా చెప్పలేదు. బాపు చివరి నెలలు దవాఖానలో గడిచాయి, పక్కన నేనే ఉన్నాను. ఒకరోజు కిటికీ వైపు చూస్తూ, "ఆ దినం చింతచెట్టు కింద ఇంకో రెండు బీడీలు తాగితే సరిపోతుండె బిడ్డా," అన్నాడు. ఇన్నేళ్లకు నేను నిజం చెప్పడానికి తలుపు తెరిచి పెట్టాడనిపించింది. బాపూ అన్నాను. అంతలో సూది వేయడానికి నర్సమ్మ వచ్చింది. ఆమె రావడం నాకు హాయిగా అనిపించింది. ఆ వారంలోనే బాపు పోయాడు.

ఇప్పుడు పట్టీలున్నాయి, ఫోన్లున్నాయి. దారి పొడుగునా డాక్టర్లు నిలబడి చూస్తారట, గుండె దిగకపోతే ముందుకు పోనివ్వరట. తాత ఒక్కడి చేతిలో ఉన్న నియమం ఇప్పుడు కాగితం మీద రాసి ఉంది. మంచిదే. అప్పటికన్నా గుర్రాలకు ఇది మంచి కాలం. మనుషుల విషయంలో మాత్రం నాకంత నమ్మకం లేదు. ఆ అంకె ఎంత చెప్పినా, చూసేవాళ్లు తమకు కావాల్సింది చదువుకుంటారు. నాకా సంగతి అరచెయ్యి సాక్షిగా తెలుసు.

నాలుగో ఆదివారం మౌనిక వచ్చి, పేరు రాయించడానికి ఇంక మూడు రోజులే గడువుందని చెప్పింది. "మీరు సరే అంటె పోత టీచరమ్మా, వద్దంటె ఆగుత," అంది, వద్దనరని గట్టి నమ్మకంతో. ఆమె డబ్బాలోంచి తీసిన సర్వపిండి నా చేతిలో ఉంది. ఆ రోజు ఉప్పు సరిగ్గా పడింది.

"వద్దు," అన్నాను. "బాద్షా చెడ్డ గుర్రం కాదు. పిల్లలకు నేర్పనీకి అసొంటిది దొరకదు. దగ్గర తిప్పుకో, ఉరికిచ్చుకో, పెండ్లిళ్లకు పంపు. ఎండల నలభై కిలోమీటర్లు మాత్రం దానితోని చేపియ్యకు. చల్లని నీళ్లు పోసి నువ్వు దింపుతున్నవు గాని, అది దిగుతలేదు బిడ్డా. దూరానికి బక్క గుర్రాన్ని వెతుక్కో."

మౌనిక మొహం మారిపోయింది. "మూడు వారాల సంది మంచిగున్నదంటిరి గదా?"

"అబద్ధం చెప్పిన."

"ఎందుకు?"

చెప్పాను. బాపుకు చెప్పనిదీ, మా ఆయనకు చెప్పనిదీ, చింతచెట్టు దగ్గర నుంచి డాక్టర్ లేచి చేతులు కడుక్కున్నదాకా, ఒక్కటి దాచకుండా ఆ పిల్లకు చెప్పాను. మూడు వారాలు ఎందుకు నీళ్లు నమిలానో కూడా చెప్పాను, నువ్వు రావేమోనని. వింటున్నంతసేపు తల వంచుకునే ఉంది. అయిపోయాక, "అది సర్కస్ గుర్రం టీచరమ్మా. బాద్షా వేరే," అని, డబ్బా మూత పెట్టి, స్కూటీ తీసుకుని వెళ్లిపోయింది. గేటు వేయడం మాత్రం మర్చిపోలేదు.

తర్వాతి ఆదివారం రాలేదు, ఆ పై ఆదివారమూ రాలేదు. ఫోన్ చేస్తే బిజీగా ఉన్నానంది, గొంతులో కోపమేమీ లేదు, పరాయివాళ్లతో మాట్లాడే మర్యాద ఉంది. పోటీ జరిగే రోజు నేను ఉండబట్టలేక ఆటో మాట్లాడుకుని బసంత్‌నగర్ పోయాను. రోడ్డు దిగేచోటే ఆపించి, అక్కడి నుంచే చూశాను. బాద్షా షెడ్డు ముందు నీడలో నిలబడి గడ్డి తింటోంది. దాని మీద ఒక చిన్నపిల్ల కూర్చుంది, మౌనిక పక్కన నిలబడి ఆ పిల్ల మడమలు సరిచేస్తోంది. పోటీకి పోలేదు. నా మాటకే ఆగిందో, ఇంకేమన్నా అడ్డం పడిందో తెలియదు. తలెత్తి ఆటో వైపు చూసింది. నేనని గుర్తుపట్టిందనే అనుకుంటున్నాను. చెయ్యి ఊపలేదు. కాసేపు ఉండి ఆటో తిప్పమన్నాను.

పద్నాలుగేళ్లప్పుడు చెప్పాల్సిన మాట అరవై ఎనిమిదేళ్లకు చెప్పాను, ఒక గుర్రం బతికి ఉంది, నాకు అది చాలు అని రాసి ఇక్కడ ముగిద్దామనుకున్నాను. రాసి, కొట్టేశాను. ఈ వయసులో మళ్ళీ అబద్ధం ఎందుకు, చాలదు.